పైకప్పులో చెరువు

నా ఫొటోల్లో మనుషులుండరు. గొప్పకు చెప్పడం లేదు, నా పనే అది. ఆసుపత్రుల కోసం ప్రకృతి ఫొటోలు తీసి, పెద్దవి చేయించి, గోడలకు అమర్చి ఇవ్వడం పదహారేళ్ళుగా నా వృత్తి. నొప్పితో ఉన్నవాళ్ళ కళ్ళకు ఏది చూపించాలో ఏది చూపించకూడదో నాకొక పద్ధతి ఉంది. ఎండిపోయిన చెట్టు వద్దు. ఒంటరి పక్షి వద్దు. ఎటు పోతుందో తెలియని దారి వద్దు. పొగమంచు పలచగా ఉండొచ్చు, చిక్కగా ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా మనిషి ఉండకూడదు. మనిషి కనిపిస్తే చాలు, వీడెవడు, ఇక్కడెందుకున్నాడు, ఎవరికోసం చూస్తున్నాడు అని పేషెంటు ఆలోచన మొదలుపెడతాడు. ఆలోచన పెరిగితే బీపీ పెరుగుతుంది. అందుకని ఫొటోలో మనిషి పడితే కంప్యూటర్లో తుడిచేస్తాను. చెప్పులు, ప్లాస్టిక్ కవర్లు, కరెంటు తీగలు, ఏవి పడ్డా తుడిచేస్తాను. ఆ పనిని మేము శుభ్రం చేయడం అంటాం.

ఈ సంగతి బాగా తెలిసిన మా ఆడపడుచే ఫోన్ చేసి, "వదినా, నీ చెరువులో ఎవరో మనిషి ఉన్నాడంటున్నారు" అనేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరంటున్నారు?"

"ఆరో బెడ్డు మాస్టారు. టైలరు."

"నా ఫొటోలో ఏముందో నాకు టైలర్లు చెప్పాలా?"

"ముందు కోప్పడటం ఆపు. నేనూ మొదట్లో నవ్వాను. ఇప్పుడు నాకు నవ్వు రావట్లేదు. నువ్వొచ్చి చూడు" అని పెట్టేసింది.

నా పెళ్ళినాటికి రెండు జడలు వేసుకుని తిరిగిన పిల్ల అది. ఇప్పుడు ఆ ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌కి హెడ్ నర్సు, డాక్టర్లనే బెదిరిస్తుంది. ఊరికే ఫోన్ చేసే రకం కాదు. అయినా ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉన్నాను. మా ఆయన రెండుసార్లు ఏమైందని అడిగి, మూడోసారి అడగడం మానేశాడు.

డయాలిసిస్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. కిడ్నీలు మానేసిన పని మిషను చేస్తుంది. చేతికి రెండు సూదులు గుచ్చి, రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ సూదులున్న చెయ్యి కదపకూడదు. వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటమే పని. చూసేది ఏదో మంచిది చూస్తారని పైకప్పులో ఫొటో పెట్టాలని ఆసుపత్రి డైరెక్టరుగారికి ఆలోచన వచ్చింది. వెనక లైట్లు, ముందు ఫొటో, పన్నెండడుగుల పొడవు. ఆకాశం పెడదామన్నాను నేను. నెత్తిమీద ఉండాల్సింది ఆకాశమే కదా. ఆకాశం అందరూ పెడుతున్నారు, మనం చెరువు పెడదాం అన్నాడాయన. చెరువుని ఎవరైనా నెత్తిమీద వేలాడదీస్తారా అని అరగంట వాదించాను. నా ఆల్బమ్ మొత్తంలో ఆయనకు అదే నచ్చింది. తెల్లవారుతుండగా తీసిన ఫొటో. గాలి లేదు. వెనక కొండలు, ఒడ్డున బల్లపరుపుగా ఒక రాయి, పైన ఎన్ని తెల్ల మబ్బులున్నాయో నీళ్ళలోనూ అన్నే మబ్బులు. నిజం చెప్పొద్దూ, నాకూ అదంటే ప్రాణం. చివరికి ఒప్పుకున్నాను. ప్రారంభం రోజున మైకు పట్టుకుని, మనిషి జాడ లేని ప్రకృతే మందు అని కూడా సెలవిచ్చాను. చప్పట్లు కొట్టారు.

మరునాడు మధ్యాహ్నం వెళ్ళాను. ఆ గదిలో ఎనిమిది మంచాలు. ఒక గోడకు తలలు పెట్టి నాలుగు, ఎదుటి గోడకు తలలు పెట్టి నాలుగు, మధ్యలో నడిచే దారి, ఆ దారి మీద పైకప్పులో నా చెరువు. ఆరో బెడ్డు మీదున్నాయనకు అరవై ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. ఎడమ చేతికి సూదులు, గొట్టాలు. కుడి చేతి బొటనవేలు కత్తెర పట్టి పట్టి ఒక పక్కకు నొక్కుకుపోయి ఉంది.

"ఈవిడేనండీ ఫొటో తీసింది. మా వదిన" అంది మా ఆడపడుచు.

ఆయన నా మొహం కంటే ముందు నా జాకెట్టు చూశాడు. "కుడిచేతి దగ్గర లాగుతోంది కదమ్మా? చంక కింద గుడ్డ తక్కువ వదిలాడు. ఎవరు కుట్టారో గానీ."

వచ్చిన పనేంటి, ఈయన మాట్లాడేదేంటి అనిపించింది. అదీగాక నిజంగానే లాగుతోంది.

"చెరువులో మనిషి ఉన్నాడన్నారట" అన్నాను.

"ఉన్నాడమ్మా. మా తమ్ముడు."

ఆ మాట ఆయన ఎంతో మామూలుగా అన్నాడు. నేను మా ఆడపడుచు వైపు చూశాను. అది నేల చూస్తోంది.

"ఎక్కడున్నాడు? గట్టు మీదా?"

"గట్టు మీద లేడు. నీళ్ళలోనే ఉన్నాడు. అక్కడ నిలబడి చూస్తే కనపడడు. ఏడో బెడ్డు ఆయన ఇవాళ రాలేదు. పడుకుని చూడు."

నేను పడుకోవడమేమిటి అనుకున్నాను. అప్పుడే ఇంకో సంగతి బుర్రకెక్కింది. ఈ ఫొటోని డైరెక్టరుగారు నిలబడి చూశాడు. బిగించినవాళ్ళు నిచ్చెన మీంచి చూశారు. నేను తలుపు దగ్గర నిలబడి చూసి బాగుందన్నాను. నాలుగేసి గంటలు పడుకుని చూసేవాళ్ళ కోసం పెట్టిన బొమ్మని మాలో ఒక్కరంటే ఒక్కరం పడుకుని చూడలేదు. సిగ్గుపడుతూనే చెప్పులు విడిచి ఏడో బెడ్డు ఎక్కాను.

పడుకోగానే చెరువు తల్లకిందులైంది. ఒకటి నుంచి నాలుగు బెడ్లవాళ్ళకు అది సరిగ్గా కనిపిస్తుంది. ఇటు వరుస వాళ్ళకు కొండలు కింద, నీళ్ళు పైన. అయిదు నెలలుగా ఈ నలుగురూ చెరువుని తల్లకిందులుగా చూస్తున్నారన్నమాట. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రాయి చూడు. బల్లపరుపు రాయి" అన్నాడాయన పక్క మంచం మీంచి. "దాని పైన మబ్బుంది కదా, తెల్లగా. అది మబ్బు కాదు. తేరిపార చూడు. కంగారు పడొద్దు."

చూశాను. నీళ్ళలో మబ్బు నీడ. దాని అంచున ఇంకొంచెం తెలుపు. ఆ తెలుపుకి భుజాలున్నాయి. భుజాల మీద తల ఉంది. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

గబుక్కున లేచి కూర్చుని, నిలబడి చూశాను. మబ్బు. మళ్ళీ పడుకున్నాను. మనిషి. రాతి మీద ఎవరూ లేరు. రాయి ఖాళీగా, నున్నగా, నేను శుభ్రం చేసినట్టే ఉంది. దాని నీడలో మాత్రం ఒకడు నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు.

ఏం జరిగిందో నాకు క్షణంలో అర్థమైంది. నా వృత్తివాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పది. ఒడ్డున ఉన్న మనిషిని తుడిచాను. నీళ్ళలో పడ్డ అతని నీడని తుడవడం మర్చిపోయాను. తల్లకిందులుగా ఉండే నీడ మనిషిలా కనిపించదు. తెల్ల మబ్బులో తెల్ల చొక్కా కలిసిపోయింది. నేను దాన్ని మబ్బే అనుకుని వదిలేశాను.

"తెల్ల చొక్కాకి జేబు నల్లగా కనిపిస్తోంది చూశావా" అన్నాడు టైలరు. "నలుపు కాదది, నీలం. గుడ్డ తక్కువొచ్చింది. జేబు వేరే గుడ్డతో వేశాను. ఇదేం జేబన్నయ్యా, అందరూ నవ్వుతారని వాడు గోల పెట్టాడు. ఇలాంటి చొక్కా నీకు తప్ప ఎవరికీ ఉండదురా అన్నాను."

మా ఆడపడుచు మెల్లగా అందుకుంది. తమ్ముడు ఎనిమిదేళ్ళ కిందట ఇల్లు విడిచి వెళ్ళాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే షాపులో పని. ఏదో గొడవ. మర్నాడు పొద్దున మంచం మీద లేడు. పోలీసు కంప్లయింటు ఇచ్చారు, పేపర్లో వేయించారు. ఇప్పటిదాకా కబురు లేదు.

"ఎక్కడో ఉన్నాడని నేను చెబుతూనే ఉన్నాను" అన్నాడాయన. "ఇంట్లోవాళ్ళు నమ్మడం మానేశారు. ఈ ఫొటో ఎప్పుడు తీశావమ్మా?"

నాకు సంవత్సరం గుర్తుంది, నెల గుర్తుంది. తేదీ ఫోన్లో వెతికి చెప్పాను. ఆయన కుడిచేతి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "వాడు వెళ్ళిన మూడో రోజు. చూశావా సిస్టరమ్మా, చెప్పానా. మూడో రోజుకి చక్కగా చెరువుగట్టు మీద షికార్లు కొడుతున్నాడు. నేనిక్కడ అన్నం మానేసి కూర్చున్నాను."

ఆయన నవ్వాడు. అంత హాయిగా నవ్విన మనిషిని ఆ గదిలో నేనెప్పుడూ చూడలేదు. వాడు కనబడ్డ దగ్గర్నించీ ఆయన బీపీ దారిలో పడిందనీ, నెలరోజులుగా మందు లేకుండా నిద్రపోతున్నాడనీ మా ఆడపడుచు తర్వాత చెప్పింది. నా పదహారేళ్ళ పనిలో ఏ ఫొటో అయినా ఎవరికైనా మందుగా పనిచేసిందంటే అదొక్కటే, అదీ నా తప్పు వల్ల.

"అసలు ఫొటో నీ దగ్గరుంటుంది కదా" అన్నాడు. "దాని తర్వాత తీసినవి కూడా ఉంటాయి కదా. ఎటు వెళ్ళాడో చూసి చెప్పు. కొండ వైపు వెళ్ళాడా, రోడ్డు వైపు వెళ్ళాడా. నాకది చాలు. వెతికించుకుంటాను."

తప్పకుండా చూసి చెబుతానని మాటిచ్చాను. ఇచ్చేటప్పుడు సంతోషంగానే ఇచ్చాను కూడా. పోయిన మనిషిని నేను పట్టి ఇవ్వబోతున్నానని లోలోపల పొంగిపోయాను. మాస్టారి పేరు చెప్పి పది ఆసుపత్రుల్లో ఈ కథ వినిపించొచ్చని కూడా అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

ఇంటికొచ్చీ రాగానే పాత హార్డ్ డిస్కులు తీశాను. ఆ ఏడాది, ఆ నెల, ఆ ఉదయం. వరసగా నలభై మూడు ఫొటోలున్నాయి. మొదటి పాతికలో చెరువూ కొండలే. అయిదూ యాభై రెండుకి రాతి మీద మనిషి వచ్చాడు. తెల్ల చొక్కా. పెద్దది చేసి చూశాను, నీలం జేబు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాతి ఫొటోలోనూ కూర్చునే ఉన్నాడు. ఆ తర్వాతి దాంట్లో నిలబడ్డాడు. పక్కన చెప్పుల జత. చక్కగా, గుమ్మం బయట విడిచినట్టు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఆ చెప్పుల్నీ నేనే తుడిచానని అప్పుడు గుర్తొచ్చింది. మనిషినీ చెప్పుల్నీ కలిపి పావుగంట పని.

ఆరూ తొమ్మిదికి తీసిన దాంట్లో అతను నా వైపు తిరిగి చెయ్యెత్తి ఉన్నాడు. ఆసుపత్రికి వెళ్ళింది ఆ ఫొటోయే. వెలుగు దాంట్లోనే బాగుంది.

తర్వాతిది ఆరూ పన్నెండుకి. రాతి మీద మనిషి లేడు. చెప్పులున్నాయి. రాతి ముందు నీళ్ళలో, ఒకదాని చుట్టూ ఒకటి, వెడల్పైపోతున్న వలయాలు.

తర్వాతి ఫొటోలు చూశాను. ఆరూ పదహారు. నీళ్ళు మళ్ళీ అద్దంలా ఉన్నాయి. చెప్పులున్నాయి. ఆరున్నర. చెప్పులున్నాయి. ఆరూ నలభై, ఎండ వచ్చేసింది, చెప్పులున్నాయి. అతను కొండ వైపు వెళ్ళలేదు. రోడ్డు వైపు వెళ్ళలేదు. ఆ చెప్పులు వేసుకుని ఎటూ వెళ్ళలేదు.

అది చాలనట్టు, మర్చిపోయిన ముక్క కూడా అప్పుడే పైకి తేలింది. మర్చిపోయానంటే నమ్ముతారా. నేను నిజంగానే మర్చిపోయాను. గుర్తుంచుకునేంత విషయంగా నాకది ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఉదయం నేను అవతలి ఒడ్డున స్టాండు మీద కెమెరా పెట్టుకుని నిలబడ్డాను. మధ్యలో నీళ్ళు ఒక యాభై గజాలుంటాయేమో. అలాంటి వెలుగు ఏడాదికొకసారి దొరుకుతుంది, దొరికినా ఇరవై నిమిషాలే ఉంటుంది. సరిగ్గా అప్పుడే వచ్చి నా ఫ్రేము మధ్యలో కూర్చున్నాడతను. ఎక్కడా చోటు లేనట్టు ఇక్కడే దొరికిందా వీడికి అని పళ్ళు నూరుకున్నాను. చాలాసేపటికి లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు. చెయ్యెత్తాడు. ఏదో అన్నాడు కూడా, నోరు కదలడం చూశాను. నాకు వినపడలేదు. వినాలని కూడా అనిపించలేదు. నేను తిరిగి చెయ్యెత్తలేదు. పక్కకు జరగమని, దోమను తోలినట్టు రెండుసార్లు చెయ్యి ఊపాను. తప్పుకో, నా ఫ్రేములోంచి తప్పుకో అని.

అతను తల ఊపాడు. అర్థమైందన్నట్టు. నేను లెన్సుకి తగిలించే ఫిల్టరు కోసం వంగి సంచీలో వెతుక్కున్నాను. ఫిల్టరు అడుక్కి పోయింది, రెండు మూడు నిమిషాలు పట్టింది. తలెత్తేసరికి రాయి ఖాళీ. హమ్మయ్య, మాట వినే మనిషే అనుకున్నాను. నీళ్ళలో వలయాలు చూసి, ఈ చేపలొకటి నా ప్రాణానికి అని తిట్టుకున్నాను. వాటి వల్ల అద్దంలాంటి నీళ్ళు పాడయ్యాయి. అందుకే ఇంటికొచ్చాక ఆ ఫొటో పక్కన పెట్టి, అంతకుముందు తీసిన దాంట్లోంచి మనిషిని తుడిచాను.

రెండుసార్లు తుడిచానన్నమాట. ఒకసారి చేత్తో, ఒకసారి కంప్యూటర్లో.

మర్నాడు ఆ చెరువుని చూసుకునే ఆఫీసు నంబరు పట్టుకుని, తూము దగ్గర గేటు చూసే ఆయనతో మాట్లాడాను. ఎనిమిదేళ్ళ కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుందని ఆశ. గుర్తులేదంటే బావుండునని ఆశ. ఆయనకు గుర్తుంది. నేను చెప్పిన నెలలోనే ఒక శవం తూము దగ్గరకు కొట్టుకొచ్చిందట. తొమ్మిది రోజులు మార్చురీలో పెట్టినా ఎవరూ రాలేదట. మున్సిపాలిటీవాళ్ళే పూడ్చారట.

"ఏ బట్టలున్నాయో గుర్తుందా బాబూ?" అని అడిగాను.

"తెల్ల చొక్కానండి. జేబు మాత్రం వేరే గుడ్డ. నీలంది. అందుకే గుర్తు. ఎవరో పేదవాడు, అతుకేసుకున్నాడనుకున్నాం" అన్నాడు.

వాళ్ళ ఊరికి ఆ చెరువు రెండొందల కిలోమీటర్లు. కంప్లయింటు ఒక స్టేషన్లో ఉంది, శవం ఇంకో స్టేషన్లో ఉంది. రెంటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. కలపగలిగిన ఫొటో ఎనిమిదేళ్ళు నా డ్రాయరులో ఉంది.

ఆసుపత్రి స్టాఫ్ రూములో మా ఆడపడుచుకి అన్నీ చెప్పాను. చెయ్యి ఊపిన సంగతి కూడా చెప్పాను. అది నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. మా ఇంటి పిల్ల, నన్ను ఆట పట్టించడం తప్ప ఏమీ ఎరగని పిల్ల, ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత నర్సులా మాట్లాడింది.

"తమ్ముడు పోయాడని చెప్పాలి. తప్పదు. మిషను మీదున్నప్పుడు చెప్పొద్దు, బీపీ పడిపోతుంది. సూదులు తీశాక, నేను పక్కన ఉండగా చెబుదాం. చెయ్యి సంగతి మాత్రం చెప్పొద్దు వదినా."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఆయనకు దానివల్ల ఒరిగేదేముంది? చెబితే నీ బరువు దిగుతుంది. ఆయన బరువు పెరుగుతుంది. నువ్వు అది నీ దగ్గరే ఉంచుకో."

అది చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకూ అదే కావాలి. తల ఊపి, సరేనన్నాను.

టైలరు నన్ను దూరం నుంచే చూశాడు. మిషను ఆగిపోయింది, సూదులు తీసేశారు, మోచేతి లోపల దూది పెట్టి, ఎడమ చెయ్యి మడుచుకుని మంచం మీద కూర్చున్నాడు. నా మొహం చూసి ఏం పసిగట్టాడో, నవ్వబోయినవాడు ఆగాడు.

"కూర్చోమ్మా" అన్నాడు.

కూర్చున్నాను. తెచ్చిన ఫొటోలు ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టాను. రాతి మీద కూర్చున్నది. నిలబడింది. చెప్పులు. ఆయన ఒక్కోదాన్నీ గుడ్డని చూసినట్టు దగ్గరగా పెట్టుకుని చూశాడు. చెయ్యెత్తింది చూసి, "వీడే. చిక్కిపోయాడు" అన్నాడు. ఆ తర్వాతది ఇచ్చాను. ఖాళీ రాయి, నీళ్ళలో వలయాలు.

ఆయన ఆ ఫొటోని చాలాసేపు పట్టుకున్నాడు. తర్వాత చెప్పుల మీద నొక్కుకుపోయిన బొటనవేలు ఆనించి, "ఇవి మేం కలిసి కొనుక్కున్నాం. ఇద్దరికీ ఒకే సైజు" అన్నాడు. ఆయన గొంతు మారలేదు. మొహం మాత్రం మా కళ్ళముందే ముసలిదైపోయింది. మా ఆడపడుచు ఆయన భుజం పట్టుకుని, గేటు చూసే ఆయన చెప్పిందంతా చెప్పింది. నీలం జేబు సంగతి కూడా దాచలేదు.

ఆయన ఏడవలేదు. చెయ్యెత్తిన ఫొటో మళ్ళీ తీసుకున్నాడు.

"ఇక్కడ వీడు నిన్ను చూస్తున్నాడు కదా. నిన్నే పిలుస్తున్నాడు. ఏమన్నాడమ్మా?"

"వినపడలేదు" అన్నాను.

"మరి నువ్వేం చేశావు?"

మా ఆడపడుచు కళ్ళతోనే వద్దంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. నేనూ చెయ్యెత్తానని చెప్పొచ్చు. నవ్వానని చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడు. చివరిసారిగా ఎవరో ఒకరు తమ్ముణ్ణి చూసి నవ్వారని తలుచుకుని కాస్త ఊరట పొందేవాడు. ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన నా మొహంలోకి ఎంత నమ్మకంగా చూస్తున్నాడంటే, ఇంకోసారి తుడవడం నావల్ల కాలేదు.

"పక్కకు జరగమన్నాను" అన్నాను. "నా ఫొటోకి అడ్డంగా ఉన్నాడని. చెయ్యి ఊపాను. అతను తల ఊపాడు. నేను సంచీలోకి వంగాను. లేచి చూస్తే లేడు. వెళ్ళిపోయాడని సంతోషించాను మాస్టారూ. హమ్మయ్య అనుకున్నాను."

గదిలో మిగతా మిషన్లు తిరుగుతున్న చప్పుడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బావుండునని కోరుకున్నాను. ఫొటోలు మొహాన కొడతాడని కూడా అనుకున్నాను.

"ఎలా ఊపావు?" అన్నాడు.

"మాస్టారూ, ఇప్పుడవన్నీ వద్దండీ" అంది మా ఆడపడుచు.

"చూపించమను సిస్టరమ్మా. నేను చూడాలి."

లేచి నిలబడ్డాను. ఎనిమిది మంచాల మధ్య, నా చెరువు కింద, చెయ్యి ముందుకు చాపి రెండుసార్లు పక్కకు ఊపాను. నా బతుకులో అంత బరువైన పని ఇంకోటి చెయ్యలేదు.

ఆయన నా చెయ్యే చూశాడు. తర్వాత మడుచుకున్న ఎడమ మోచెయ్యి వదిలేసి, తన కుడి చెయ్యి ఎత్తి, అచ్చం నాలాగే, రెండుసార్లు ఊపాడు.

"నేనూ ఇలాగే ఊపాను" అన్నాడు. "షాపు నిండా కస్టమర్లున్నారు. వాడు ఎవరి గుడ్డో తప్పు కత్తిరించాడు. నలుగురిలో అరవడం ఎందుకని, కుట్టేది ఆపకుండా, వాడి మొహమైనా చూడకుండా చెయ్యి ఊపాను. అవతలికి పో అని."

దూది కిందపడింది. మోచేతి దగ్గర రక్తం చుక్క కట్టి జారుతుంటే మా ఆడపడుచు వంగి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఆయన అటు చూడలేదు.

"చిన్నప్పట్నించీ వాడికి ఏదీ ఒకసారి చెబితే ఎక్కదమ్మా" అన్నాడు. "రెండోసారి ఎవరో ఒకరు చెప్పాలి."

నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని దించడం నాకు చేతకాలేదు.